బకింగ్‌హామ్ ఫౌంటెన్‌ను తీరికగా చూడడం ఎలా?

వేసవిలో పిల్లల దగ్గరికి షికాగో వెళ్ళే తల్లిదండ్రులను గ్రాంట్ పార్కులోని బకింగ్‌హామ్ ఫౌంటెన్ దగ్గరికి ఎవరో ఒకరు తప్పక తీసుకువెళ్తారు. చాలామంది కారు దిగి, నీళ్ళు పైకి లేచినప్పుడు ఫొటో తీసుకుని, పావుగంటలో వెనుదిరుగుతారు. అది ఒక చెల్లెలు తన అన్న పేరిట కట్టించిన స్మారకం. ఆ సంగతి మనసులో ఉంచుకుని చూడదలచినవారు ఒక మధ్యాహ్నాన్ని, దాని వెంట వచ్చే సాయంత్రాన్ని కేటాయించుకోవాలి.

సాధారణంగా మే నుంచి అక్టోబరు మధ్య వరకే ఈ ఫౌంటెన్ నడుస్తుంది. చలికాలంలో నీటిని ఆపివేస్తారు కనుక నగర పార్కులను నిర్వహించే షికాగో పార్క్ డిస్ట్రిక్ట్ ప్రకటించిన తేదీలు, వేళలు చూసుకుని బయలుదేరాలి.

ఫౌంటెన్ దగ్గరికి నేరుగా వెళ్ళకుండా, కొద్ది దూరంలోనే ఉన్న ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ అనే కళా మ్యూజియంలో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. ధాన్యం గోదాముల వ్యాపారం చేసిన కుటుంబంలో పుట్టిన క్లారెన్స్ బకింగ్‌హామ్ ఆ సంస్థకు ధర్మకర్తగా ఉన్నారు. జపాన్ చెక్క అచ్చు చిత్రాలను ఎంతో ఇష్టంగా సేకరించారు. ఆయన 1913లో కన్నుమూశాక చెల్లెలు కేట్ ఆ సేకరణను పెంచి, సంస్థకే అప్పగించారు. వెలుతురుకు రంగులు వెలిసిపోతాయి కనుక ఆ చిత్రాలను కొన్నికొన్నిగా మార్చి ప్రదర్శిస్తారు. జపాన్ చిత్రాల గదిలో పలకల మీద క్లారెన్స్ పేరు వెతకండి. ఆ సన్నని గీతలు, నీలి అలలు చూసి వచ్చినవారికి బయట నీటి అందం మరింత దగ్గరగా తోస్తుంది.

అక్కడి నుంచి దక్షిణంగా నడిచి, వెలుగుండగానే ఫౌంటెన్ చేరుకోవాలి. ముందు దూరంగా నిలబడి చుట్టూ ఒకసారి తిరగండి. వాస్తుశిల్పి ఎడ్వర్డ్ బెన్నెట్ దీనిని ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ రాజభవనపు తోటలోని లాతోనా కొలను స్ఫూర్తితో రూపొందించారు. కింది తొట్టి వ్యాసం 280 అడుగులు. పెద్ద తొట్టి మిషిగన్ సరస్సుకు ప్రతీక. నాలుగు జతల కంచు సముద్రపు గుర్రాలు ఆ సరస్సును ఆనుకున్న ఇలినాయ్, విస్కాన్సిన్, ఇండియానా, మిషిగన్ రాష్ట్రాలకు గుర్తు. వాటిని మలచిన శిల్పి మార్సెల్ లోయో. ఒక్క జతను ఎంచుకుని మెడ వంపును, నీళ్ళు చిమ్మే నోటిని నిదానంగా చూడండి. అంచులకు వాడిన జార్జియా గులాబీ పాలరాయి పొడిగా ఉన్నచోట పాలిపోయి, తడిసినచోట చిక్కని రంగు తేలి కనిపిస్తుంది.

గంట గంటకూ దాదాపు 20 నిమిషాల ప్రదర్శన ఉంటుంది. మధ్యధార 150 అడుగుల వరకు లేస్తుంది. గాలి వీపుకు తగిలేలా నిలబడాలి, లేకపోతే తుంపర మీద పడి కళ్ళజోడు కూడా తడుస్తుంది. పెద్దవారికి శాలువా మరిచిపోవద్దు, సరస్సు గాలి సాయంత్రానికి చల్లబడుతుంది. సూర్యాస్తమయానికి ముందు పడమటి వైపు నిలబడితే ఎండ వెనుక నుంచి పడి నీరు మెరుస్తుంది. చీకటి పడ్డాక తూర్పుకు మారితే ఫౌంటెన్ వెనుక నగర భవనాల దీపాలన్నీ కనిపిస్తాయి.

రెండు ప్రదర్శనల మధ్య విరామంలో కేట్ చేసిన మరొక పని గురించి మీ వెంట వచ్చినవారికి చెప్పండి. సుమారు 7,50,000 డాలర్లతో ఫౌంటెన్ కట్టించి ఆమె ఊరుకోలేదు. దాని పోషణకు 3,00,000 డాలర్ల నిధి కూడా ఏర్పాటు చేశారు. దాత పేరు చెక్కిన పలక నిలిచి, పంపు మాత్రం ఏనాడో ఆగిపోయిన ఫౌంటెన్లను మన ఊళ్ళలో చూసినవారికి ఆ ముందుచూపు విలువ వేరే చెప్పనక్కరలేదు. 1927 ఆగస్టు 26న ప్రారంభమైన ఈ ఫౌంటెన్‌లో ఇప్పటికీ సుమారు 15 లక్షల గ్యాలన్ల నీరు తిరుగుతూనే ఉంది.

జూన్, జూలై నెలల్లో చీకటి ఆలస్యంగా పడుతుంది కనుక రాత్రి 9 గంటల ప్రదర్శన వరకు ఆగాలి. అప్పుడు రంగుదీపాలు, సంగీతం తోడవుతాయి. నీటి మీద మెత్తని వెన్నెల పరచుకున్నట్టు ఉండాలని కేట్ ఎన్నో రాత్రులు పనివారితో కలిసి రంగు గాజులు మార్చి మార్చి చూశారు. ఫోన్ లోపల పెట్టి, మధ్యధార కొసన నీరు విడిపోయి వెలుగులో తెల్లగా రాలే చోటును చూడండి.