విశాఖలో దీపావళి రాత్రి: పొగ కమ్మేలోపే బాణసంచా ఫోటోలు తీయడం ఎలా?

దీపావళి రాత్రి మంచి ఫోటో దొరికేది మొదటి పావుగంటలోనే. ఆ తర్వాత అంతా పొగే. తీరిగ్గా భోంచేసి, ట్రైపాడ్ భుజాన వేసుకుని మేడెక్కితే మిగిలేది ఎర్రటి మబ్బు. నేను వరసగా రెండేళ్లు ఆ మబ్బునే ఫోటో తీశాను. అందుకే నా లెక్కలో మొదటి పని కెమెరా సెట్టింగు కాదు, వేళకు ముందే చోటు చూసుకుని నిలబడటం.

2018లో సుప్రీంకోర్టు దీపావళికి రాత్రి 8 నుంచి 10 వరకే కాల్చాలని గడువు పెట్టింది. ఈ ఏడాది వేళలేమిటో పేపర్లో చూసుకోండి. మా వీధిలో మాత్రం పిల్లలు చీకటి పడితే ఆగరు. కాబట్టి ఏడింటికల్లా మేడ మీద ఉండండి.

చోటు

అందరూ ఆర్కే బీచ్‌కే పరిగెడతారు. జనం సంగతి అలా ఉంచి, అక్కడ అసలు చిక్కు ఇసుకతో. తడి ఇసుకలో ట్రైపాడ్ గట్టిగా నిలబడ్డట్టే కనిపిస్తుంది. నాలుగు సెకన్ల ఫోటోలో ఒక కాలు వెంట్రుకవాసి దిగినా చాలు, వెలుగు గీతలన్నీ వణికిపోతాయి. బీచ్‌లోనే తీయాలనుకుంటే గట్టు మీద, సిమెంటు నేల మీద పెట్టుకోండి. కైలాసగిరి మీంచి తీరం వంపు బాగుంటుంది గానీ, అంత దూరం నుంచి తారాజువ్వలు ఆవగింజల్లా వస్తాయి. పైగా పండగ రాత్రి ఎంతసేపు ఉండనిస్తారో ముందే కనుక్కోవాలి.

నా ఓటు అపార్ట్‌మెంటు మేడకే. మన ఊరు కొండల మధ్య మెట్లుమెట్లుగా ఎక్కుతుంది కదా, నాలుగో అంతస్తు నుంచి చూసినా కింద దీపాల వరసలు, వెనక కొండ గీత దొరుకుతాయి. ఫ్రేములో అడుగున నాలుగో వంతు వాటికి వదలండి. ఒట్టి నల్ల ఆకాశంలో పువ్వు పూస్తే అది విశాఖో విజయవాడో ఎవరికీ తెలీదు.

గాలి ఎటు వీస్తోందో చూడటానికి యాప్ అక్కర్లేదు. టపాకాయలు ముట్టించడానికి తెచ్చిన అగరుబత్తి ఒకటి వెలిగించి పిట్టగోడ దగ్గర పట్టుకోండి. పొగ మీ మొహం మీదికి వస్తే రెండో వైపుకి మారిపోండి. గాలి మీ వీపుకి తగులుతుండాలి, పొగ మీ నుంచి అవతలికి పోవాలి.

లెన్సు మీద తడి

ఇది మన ఊళ్లో ప్రత్యేకంగా చెప్పుకోవలసిన బాధ. ఏసీ గదిలోంచో కారులోంచో కెమెరాని నేరుగా సముద్రపు గాలిలోకి తెస్తే లెన్సు మీద ఆవిరి పట్టేస్తుంది. చొక్కా అంచుతో తుడుస్తాం, అర నిమిషంలో మళ్లీ పడుతుంది. అరగంట ముందే బ్యాగులోనే ఉంచి, జిప్పు వేసి మేడ మీద పెట్టేయండి. బయటి వేడికి మెల్లగా అలవాటు పడ్డాక తీస్తే ఏమీ కాదు.

సెట్టింగులు

మాన్యువల్ మోడ్ (అన్నీ మనమే పెట్టుకునేది), ఐఎస్ఓ (కెమెరా వెలుగుని ఎంత ఎక్కువగా పట్టుకోవాలన్న అంకె) 100, అపర్చర్ (లెన్సు కన్నం, అంకె పెరిగేకొద్దీ చిన్నదవుతుంది) ఎఫ్/8 నుంచి ఎఫ్/11, షట్టర్ (వెలుగుని లోపలికి రానిచ్చే సేపు) 2 నుంచి 4 సెకన్లు. ఫైలు రా ఫార్మాట్ (తర్వాత దిద్దుకోవడానికి వీలుగా కెమెరా పట్టిన వివరాలన్నీ ఉంచేది). ట్రైపాడ్ మీద లెన్సు స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సర్దే ఏర్పాటు) ఆపేయండి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ (ఎక్కువసేపు తీసిన ఫోటోలో మచ్చలు తగ్గించేది) కూడా ఆపేయండి, లేకపోతే ఒక్కో ఫోటో తీశాక కెమెరా మళ్లీ అంతసేపూ మూగబోతుంది.

ఒక్క సంగతి అర్థమైతే మిగతాదంతా మీరే సర్దుకోగలరు. నిప్పురవ్వ కదులుతూ పోతుంది కాబట్టి, దాని గీత ఎంత తెల్లగా రావాలో తేల్చేది అపర్చరూ ఐఎస్ఓనే. షట్టర్ తేల్చేది గీత పొడవు, ఒకే ఫోటోలో ఎన్ని పువ్వులు పడతాయన్నది. రంగు వెలిసిపోయి తెల్లగా వస్తుంటే అపర్చర్ ఎఫ్/11కి, ఇంకా కావాలంటే ఎఫ్/13కి తిప్పండి. వీధిదీపాలు మండిపోతుంటే షట్టర్ తగ్గించండి. స్ట్రాన్షియం ఇచ్చే ఎరుపు, బేరియం ఇచ్చే ఆకుపచ్చ తేలిగ్గానే పడతాయి. రాగితో వచ్చే నీలం మహా నాజూకు, వెలుగు కొంచెం ఎక్కువైనా మాయమైపోతుంది.

ఫోకస్ ఆటోలో వదలొద్దు. దూరంగా ఉన్న దీపం మీద, డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ కనిపిస్తే ఇంకా మంచిది, ఒకసారి కుదిర్చి మాన్యువల్‌కి మార్చేయండి.

ఇక నొక్కే సమయం. పక్క వీధి జువ్వ 'సుయ్'మని లేవగానే షట్టర్ తెరవాలి, పేలేదాకా ఆగితే తోక పోతుంది. దూరపు వాటికి చెవిని నమ్ముకోవద్దు. కిలోమీటరు అవతల పేలిన చప్పుడు మన దగ్గరికి రావడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది.

ఫోన్ అయితే ప్రో మోడ్‌లో ఐఎస్ఓ 50 లేదా 100, షట్టర్ 2 సెకన్లు. ఐఫోన్‌లో లైవ్ ఫోటో తీసి, తర్వాత లాంగ్ ఎక్స్‌పోజర్ ఎంచుకోండి. ఫోన్‌ని రెండు ఇటుకల మధ్య నిలబెట్టినా సరిపోతుంది. ఫ్లాష్, జూమ్ వద్దే వద్దు.

ఆకాశం పొగచూరాక

కెమెరా కిందికి దించండి. మనవాళ్లు పిల్లల చేత గోగు కర్రకి నూనె గుడ్డ చుట్టి, వెలిగించి, "దుబ్బు దుబ్బు దీపావళి, మళ్లీ వచ్చే నాగులచవితి" అంటూ నేలకి కొట్టిస్తారు. ఆ ఒక్క క్షణం నిప్పులు చిమ్ముతాయి, పిల్లాడి కళ్లు సగం మూసుకుంటాయి. ఐఎస్ఓ 1600, ఎఫ్/2, షట్టర్ 1/60 పెట్టి వరసగా నొక్కుతూ పోండి, పదింట్లో ఒకటి పడుతుంది. చిచ్చుబుడ్డికైతే ఐఎస్ఓ 100, ఎఫ్/8, ఒక సెకను. వెనక నిలబడ్డవాళ్లని "కదలకండర్రా" అని ముందే బతిమాలుకోవాలి.

కొన్ని మతాబులు, జువ్వలు నాగులచవితికి దాచమనండి. ఆ రాత్రి కాల్చేది తక్కువ కాబట్టి పొగ పలచన, తప్పులు దిద్దుకోవడానికి రెండో అవకాశం. అదీ కుదరకపోతే నౌకాదళ దినోత్సవ (డిసెంబరు 4) విన్యాసాలు ఈ ఏడాది మన బీచ్‌లో ఉన్నాయేమో, ఉంటే ఎప్పుడో చూసుకుని, దానికి ముందు జరిగే రిహార్సల్స్‌కే వెళ్లండి. జనం తక్కువ. డ్రోన్ మాత్రం ఇంట్లోనే ఉంచండి, ఇది నేవీ ఊరు.

ఇంటికొచ్చాక ట్రైపాడ్ కాళ్లు, కెమెరా ఒళ్లు తడి గుడ్డతో తుడిచి, తర్వాత పొడిగుడ్డతో ఒత్తండి. పొద్దున్న చేద్దాంలే అని వదిలేసిన ఉప్పుకి నా ట్రైపాడ్ బిగింపు ఒకటి తుప్పుపట్టి, ఇప్పటికీ పటకారు పెట్టి తిప్పాల్సి వస్తోంది.