పత్తి కట్టె బొగ్గుతో రంగు నీటిని వడకట్టడం ఎలా?

వరంగల్ చుట్టుపక్కల పత్తి ఏరడం అయిపోగానే చేలలో కట్టె కుప్పలు తగలబడుతుంటాయి. నగరంలోని కొత్తవాడ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటి నూలుకు రంగు వేశాక మిగిలే నీటిని కాలువపాలు చేయడం నాకు మనసొప్పదు. అక్కడ వృథా అయ్యే కట్టె ఇక్కడి నీటికి పనికొస్తుంది.

ముందుగా బొగ్గు. గరాటు ఆకారంలో మోకాలి లోతు గొయ్యి తవ్వండి. బాగా ఎండిన కట్టెను కొద్దిగా పేర్చి, పైనుంచి నిప్పు పెట్టండి. కట్టె మీద తెల్లని బూడిద పొర కనిపించగానే తర్వాతి వరుస వేయండి. పై మంట గాలిని పీల్చేసుకుంటుంది కాబట్టి అడుగున ఉన్నది బూడిద కాకుండా బొగ్గుగా మిగులుతుంది. చివరి వరుస మంట తగ్గగానే నీళ్లు గుమ్మరించి పూర్తిగా ఆర్పాలి. ఇక్కడ ఆలస్యం చేస్తే చేతికి బూడిదే వస్తుంది. మంచి బొగ్గు పుటుక్కున విరుగుతుంది, లోపల గోధుమ రంగు ఉండదు.

తడిగా ఉండగానే దంచండి, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోదు. ఆవగింజకూ జొన్నగింజకూ మధ్య సైజు చాలు. కడిగిన నీరు తేటగా వచ్చేదాకా కడగండి. బూడిద మిగిలితే నీటిలో క్షారం పెరుగుతుంది.

డ్రమ్ము నింపే ముందు సీసాలో పరీక్ష తప్పనిసరి. రెండు గాజు సీసాల్లో రంగు నీరు పోసి, ఒకదానిలో నాలుగు చెంచాల బొగ్గు వేసి కుదిపి, రాత్రంతా ఉంచి పక్కపక్కన పెట్టి చూడండి. బొగ్గు ఉపరితలానికి సాధారణంగా రుణావేశం (నెగెటివ్ చార్జి) ఉంటుంది. నూలుకు వాడే రంగుల్లో చాలావాటిదీ అదే ఆవేశం కాబట్టి అవి తేలిగ్గా అంటుకోవు. రంగు తొట్టెలో వేసే సోడా దీన్ని ఇంకా కష్టం చేస్తుంది. అందుకే నీటి పులుపు, క్షారం ఎంతో చూపే పీహెచ్ కాగితంతో చూస్తూ, వెనిగర్ కొద్దికొద్దిగా కలిపి 7 కంటే కాస్త తక్కువకు తెచ్చి మళ్లీ పరీక్షించండి.

డ్రమ్ములో అడుగున కంకర, దానిపై గుడ్డ, మూడింట రెండు వంతుల మేర బొగ్గు, పైన ఇసుక. నీటిని చల్లార్చి, తేర్చి పోయండి. కింది కుళాయి నుంచి సన్నని ధారగానే రావాలి.

రంగు మళ్లీ కనిపించిందంటే బొగ్గు నిండిపోయింది, మార్చాల్సిందే. వాడిన బొగ్గును చేలో వేయకండి, అది పట్టుకున్న విషం మట్టిలో చేరవచ్చు. రంగు తొట్టెలో వేసిన ఉప్పును మాత్రం ఈ బొగ్గు ఆపలేదు. కాబట్టి నీరు ఎంత తేటగా ఉన్నా తాగడానికీ మొక్కలకూ వాడకండి, నూలు తొలి కడుగుకు వాడుకోండి.