కలర్ రాడ్స్‌తో ఫ్రాక్షన్స్, ఆల్జీబ్రా ఇంట్లోనే నేర్పడం ఎలా

క్విజినేర్ రాడ్స్ అంటే ఒక్కో పొడవుకి ఒక్కో రంగు ఉండే చిన్న కడ్డీలు. వీటిని కొన్నవాళ్లు చాలామంది డబ్బా తెరవగానే తెలుపంటే 1, ఎరుపంటే 2 అని పిల్లలతో బట్టీ పట్టించేస్తారు. దయచేసి ఆ పని చెయ్యకండి. ఎరుపు ఎప్పటికీ 2 అని మనసులో పడిపోయిందంటే, రేపు అదే ఎరుపుని సగం అంటే, ఎల్లుండి మూడో వంతు అంటే పిల్లలు అయోమయంలో పడతారు. ఈ రాడ్ల బలమంతా వాటి మీద అంకెలు లేకపోవడంలోనే ఉంది. గీతలు గీసి ఉన్న సెట్లు కూడా దొరుకుతాయి గానీ అవి వద్దు, గీతలు కనిపిస్తే పిల్లలు పోల్చడం మానేసి లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు.

వీటిని తయారుచేసింది జార్జ్ క్విజినేర్ అనే బెల్జియం స్కూల్ టీచర్, 1950ల్లో కాలెబ్ గటెన్యో అనే గణిత విద్యావేత్త వీటిని దేశదేశాలకీ తీసుకెళ్లారు. అంకెల కంటే ముందు ఆల్జీబ్రా చెప్పాలని గటెన్యో పట్టుబట్టేవారు, నేను కూడా అదే వరస చెప్తాను. మొత్తం పది సైజులు, 1 సెంటీమీటర్ నుంచి 10 దాకా: తెలుపు, ఎరుపు, లేత ఆకుపచ్చ, ఊదా, పసుపు, ముదురు ఆకుపచ్చ, నలుపు, బ్రౌన్, నీలం, ఆరెంజ్. మామూలుగా 74 రాడ్ల సెట్ ఒకటి సరిపోతుంది. కొనలేకపోతే గ్రాఫ్ పేపర్‌ని అట్టకి అంటించి, సెంటీమీటర్ వెడల్పు పట్టీలు కత్తిరించి, గీతలు కనపడకుండా దట్టంగా రంగులెయ్యండి, పని జరిగిపోతుంది.

మొదటి కొన్ని రోజులు ఏమీ చెప్పొద్దు, ఇళ్లు కట్టుకుంటారో రైళ్లు చేసుకుంటారో వాళ్లిష్టం. తర్వాత ఒక పసుపు పెట్టి, దీనికి సమానంగా రెండు రాడ్లు ఒకదాని చివర ఒకటి పెట్టమ్మా అనండి. ఎరుపు, లేత ఆకుపచ్చ పెడతారు. అది నోట్‌బుక్‌లో రంగుల మొదటి అక్షరాలతో ఎ + లే = ప అని రాయించండి. ఆల్జీబ్రా మొదలైపోయింది! ప − ఎ = లే అన్నది కూడా విడిగా చెప్పక్కర్లేదు, పసుపు మీద ఎరుపు పెట్టి మిగిలిన ఖాళీలో ఏది పడుతుందో చూడమంటే చాలు.

బ్రాకెట్ల దగ్గర మాత్రం తొందరపడకండి. 2(ఎ + తె) అంటే ఎరుపు-తెలుపు జత రెండుసార్లు, అంటే ఎరుపు, తెలుపు, ఎరుపు, తెలుపు వరసగా పేర్చాలి. ఇప్పుడు పిల్లల చేతే ఎరుపులన్నీ ఒక పక్కకి, తెలుపులన్నీ ఒక పక్కకి జరిపించండి, పొడవు మారదు, అదే 2ఎ + 2తె. హైస్కూల్‌కి వచ్చాక కూడా చాలామంది 2(ఎ + తె)ని 2ఎ + తె అని రాసేస్తుంటారు కదా, చేత్తో జరిపిన పిల్లలకి ఆ రెండో తెలుపు ఎక్కడికి పోయిందన్న డౌట్ వెంటనే వస్తుంది.

ఇక x. ఒకే రంగు రాడ్లు రెండు రుమాలు కింద దాచి, ఈ రెండూ ఒక తెలుపూ కలిస్తే నీలం అంత పొడవు అని చెప్పండి. నీలం మీద తెలుపు పెడితే మిగిలిన చోట బ్రౌన్ పడుతుంది, బ్రౌన్‌కి సమానంగా ఒకే రంగువి రెండు వెతికితే ఊదా దొరుకుతుంది. 2x + తె = నీ అని రాయడం ఆ తర్వాతే.

ఫ్రాక్షన్స్‌లో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: దేంట్లో? ఎరుపు ఊదాలో సగం, ముదురు ఆకుపచ్చలో మూడో వంతు, ఆరెంజ్‌లో ఐదో వంతు. రాడ్డు అదే, దేంతో కొలుస్తున్నామో అది మారింది. తిరగేసి కూడా అడగండి, లేత ఆకుపచ్చ 3/5 అయితే మొత్తం ఏది అని. ఊదాని లేత ఆకుపచ్చతో కొలిపిస్తే 4/3 వస్తుంది, ఫ్రాక్షనంటే ఒకటి కంటే చిన్నదే అన్న భ్రమ అక్కడితో పోతుంది, పిజ్జా బొమ్మలతో ఇది చెప్పడం చాలా కష్టం.

1/2 + 1/3 కి నేరుగా పద్ధతి చెప్పెయ్యకండి. సగమూ, మూడో వంతూ రెండూ సరిగ్గా పడే రాడ్డు వెతకమనండి. ఆరెంజ్ తీస్తారు, సగానికి పసుపు పడుతుంది గానీ ఒకే రంగువి మూడు పెడితే సరిపోవు. బ్రౌన్ కూడా అంతే. ముదురు ఆకుపచ్చ దగ్గరికొచ్చేసరికి సగానికి లేత ఆకుపచ్చ, మూడో వంతుకి ఎరుపు సరిపోతాయి, ఆ రెండూ కలిపితే పసుపు, దాన్ని తెలుపులతో కొలిస్తే 5, మొత్తం 6, అంటే 5/6. ఈ వెతుకులాటే ఎల్‌సీఎం, పేరు తర్వాత చెప్పుకోవచ్చు. 1/3 + 1/4 కి ఒక్క రాడ్డు చాలదు, ఆరెంజ్ పక్కన ఎరుపు కలపాలి, అది వాళ్లే కనిపెట్టేదాకా మీరు చెయ్యి పెట్టొద్దు. అక్కడ ఊదా, లేత ఆకుపచ్చ కలిసి నలుపవుతుంది, 7/12.

భాగహారం కూడా కొలవడమే. ఊదాని మొత్తం అనుకుంటే 3/4 అంటే లేత ఆకుపచ్చ, 1/2 అంటే ఎరుపు. 3/4 ÷ 1/2 అంటే లేత ఆకుపచ్చలో ఎరుపులు ఎన్ని అని, ఒకటిన్నర. తిరగేసి గుణించడం ఈ లెక్కలు బాగా చేశాకే చెప్పండి.

నెగెటివ్ నంబర్లకి ఇవి సరిగ్గా కుదరవు, వాటికి నంబర్ లైన్ వాడుకోండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని పిల్లలైతే రంగు పేర్లతో పట్టుబట్టకుండా పొడవు చూసి గుర్తుపట్టనివ్వండి.