తాళం పడని డబుల్ గ్లాస్ తలుపు: పాడైంది నిజంగా తాళమేనా?

బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్ వైపు కొత్తగా లేచిన ఇళ్లలోనూ, ఇటు పర్లాకిమిడి, రాయగడ, జయపురం దాకానూ యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) ఫ్రేములో రెండు అద్దాలు బిగించిన తలుపులూ కిటికీలూ బాగా పెరిగాయి. ఏసీ చల్లదనం నిలుస్తుంది, రోడ్డు మోత తగ్గుతుంది, చెదల బాధ లేదు. పెట్టించిన రెండు మూడేళ్లకు మాత్రం ఫోన్లు మొదలవుతాయి. "తాళం పోయిందండీ, కొత్తది వేయాలి" అంటారు. ఈ పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి గట్టిగానే చెబుతాను: అలా పిలిచిన ఇళ్లలో ఎక్కువచోట్ల తాళం నిక్షేపంగా ఉంటుంది, జారింది తలుపు.

అందుకే ఏదీ కొనకముందే, ఏదీ విప్పకముందే ఒక పరీక్ష చేయండి. తలుపు బార్లా తెరిచి, అలా తెరిచి ఉండగానే హ్యాండిల్ పైకి లేపి తాళంచెవి తిప్పండి. తలుపు అంచులోంచి కొక్కేలు చక్కగా బయటికొచ్చి, తాళంచెవి సాఫీగా తిరిగితే తాళం బాగున్నట్టే. మూసినప్పుడు మాత్రమే మొరాయిస్తోందంటే తలుపూ ఫ్రేమూ ఒకదానికొకటి సరిగ్గా కూర్చోవడం లేదు. తెరిచి ఉన్నప్పుడూ బిగుసుకుపోతోందంటే అప్పుడు హ్యాండిల్‌తో కొక్కేలను కదిలించే లోపలి గేర్‌బాక్స్‌నో, తాళంచెవి దూరే సిలిండర్‌నో అనుమానించాలి. పరీక్ష అయ్యాక కొక్కేలను మళ్లీ లోపలికి పంపాకే తలుపు మూయండి. మరిచిపోయి మూస్తే అవి ఫ్రేముకు గుద్దుకుని, బాగున్న తాళం కూడా పోతుంది.

హ్యాండిల్ బలంగా లేపితే తప్ప తాళం పడడం లేదు

ఈ తలుపుల్లో హ్యాండిల్ లేపగానే పైన, మధ్యలో, కింద ఉన్న కొక్కేలో, రోలర్లో ఒకేసారి కదిలి ఫ్రేము మీది పట్టీల్లోకి వెళ్తాయి. ఒక్కచోట రెండు మూడు మిల్లీమీటర్లు తేడా వచ్చినా మొత్తం ఆగిపోతుంది. చేతికి తెలిసేది హ్యాండిల్ బిగువే కాబట్టి అందరూ తాళాన్నే తిడతారు.

తేడా ఎందుకొస్తుందంటే, బరువు. ఒక మిల్లీమీటరు మందం గాజు చదరపు మీటరుకు 2.5 కిలోలు తూగుతుంది. 5 మిల్లీమీటర్ల అద్దాలు రెండు కలిస్తే చదరపు మీటరుకు 25 కిలోలు. మామూలు సైజు తలుపులో గాజు ఒక్కటే 30 కిలోల పైమాటే. ఆ బరువంతా ఒక పక్క హింజ్‌ల మీద వేలాడుతుంటే తాళం ఉన్న పక్క మెల్లగా కిందికి దిగుతుంది.

తలుపు మూసి ఎదురుగా నిలబడి చుట్టూ ఉన్న సందు చూడండి. తాళం వైపు పైమూలలో సందు ఎక్కువగా, కిందిమూలలో తక్కువగా కనిపిస్తే జారినట్టే. గడప మీద తెల్లటి గీత పడి ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. ఏ కొక్కెం ఎక్కడ తగులుతోందో కూడా తేలిగ్గానే పట్టుకోవచ్చు. వేలితో కాస్త కాటుక తీసి ప్రతి కొక్కెం కొనకూ పూయండి. తలుపు మూసి హ్యాండిల్‌ను ఎంత లేస్తే అంత లేపి, దించి, తెరవండి. ఫ్రేము పట్టీల మీద నల్లటి మరకలు పడతాయి. మరక రంధ్రం కింది అంచుకు ఉంటే తలుపు దిగింది, పై అంచుకు ఉంటే ఎవరో హింజ్‌లు మితిమీరి లేపారు, పక్క అంచుకు ఉంటే తలుపు ఫ్రేములోకి పూర్తిగా చేరడం లేదు. గుడ్డతో తుడిస్తే మరక పోతుంది. ఏ పరికరమూ అక్కర్లేని ఈ పద్ధతి మీద నాకు చాలా నమ్మకం.

సరిచేయడం హింజ్‌ల దగ్గరే. వాటి ప్లాస్టిక్ మూత తీస్తే అల్లెన్ స్క్రూలు (తలలో ఆరు పలకల గుంట ఉన్నవి) కనిపిస్తాయి. చాలా రకాలకు 4 లేదా 5 మిల్లీమీటర్ల అల్లెన్ కీ సరిపోతుంది. ఒకటి తలుపును పైకీ కిందికీ, ఇంకొకటి పక్కలకూ జరుపుతుంది. ముందు తలుపు కింద చెక్క చీలిక దోపి బరువు దాని మీద ఆనించండి. తాళం వైపు మూల లేవాలంటే పైహింజ్ దగ్గర తలుపును హింజ్ వైపుకు లాగాలి. అర చుట్టు తిప్పడం, మూసి చూడడం, మళ్లీ అర చుట్టు, అంతే. ఎత్తు మార్చేటప్పుడు మాత్రం అన్ని హింజ్‌లనూ సమానంగా తిప్పాలి. లేకపోతే బరువంతా ఒకదాని మీదే పడుతుంది.

స్క్రూ చివరిదాకా తిరిగినా తలుపు లేవలేదంటే లోపం అద్దం కింది ప్యాకింగ్‌లో ఉంది. ఇది చాలామంది బిగించేవాళ్లు ఎగ్గొట్టే పని, నాకు కోపం తెప్పించేదీ ఇదే. అద్దాన్ని ఫ్రేములో ఊరికే కూర్చోబెట్టకూడదు. హింజ్ వైపు కిందిమూలలో ఒక ప్లాస్టిక్ ముక్క, తాళం వైపు పైమూలలో ఇంకొకటి గట్టిగా పడాలి. అప్పుడు అద్దమే మూలనుంచి మూలకు ఊతకర్రలా నిలబడి, బరువును కింది హింజ్‌కు దింపుతుంది. ఆ ముక్కలు లేకపోయినా, జారిపోయినా ఫ్రేము డైమండ్ ఆకారంలోకి వంగుతుంది. అద్దాన్ని పట్టి ఉంచే లోపలి బీడింగ్ పట్టీలు తీసి, తలుపును కొద్దిగా ఎత్తి పట్టుకుని, తగిన మందం ముక్కలు దూర్చి, బీడింగ్ మళ్లీ కొట్టాలి. చెక్కముక్కలు వాడొద్దు, మన వానాకాలానికి ఉబ్బుతాయి. ఏ బీడింగ్ ఎక్కడిదో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. ఇద్దరు మనుషులు, చేతికి గ్లవ్స్ లేకుండా ఈ పని ముట్టుకోవద్దు.

ఫ్రేము పట్టీలను ఆకురాయితో అరగదీసి రంధ్రం పెద్దది చేసే మేస్త్రీలు ఉన్నారు. ఆ రోజుకు తాళం పడుతుంది. తలుపు ఇంకా దిగుతుంది, అరగదీసిన చోట తుప్పు పడుతుంది, దొంగకు పని తేలికవుతుంది. ఒప్పుకోకండి.

పొద్దున్న పడుతుంది, మధ్యాహ్నం పడదు

గోపాల్‌పూర్ రోడ్డులో ఒక పెద్దావిడ చెప్పింది: "బాబూ, తెల్లారి ఏళకి బాగానే పడతాది. రెండింటికి మా అబ్బాయి వచ్చి మోకాలు పెట్టి తోస్తే గానీ పడదు." ఆ తలుపు పడమటి ముఖం. అప్పటికే ఎవరో తాళం మార్చి డబ్బు తీసుకెళ్లారు. కొత్త తాళమూ అలాగే ఉంది, ఎందుకంటే వేడికి సాగుతున్నది ప్లాస్టిక్ ఫ్రేము.

యూపీవీసీ మీటరుకు, ఒక్కో డిగ్రీ వేడికి సుమారు 0.07 మిల్లీమీటర్లు సాగుతుంది. రెండు మీటర్ల తలుపు తెల్లవారుజాము కంటే 30 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే లెక్కకు 4 మిల్లీమీటర్లు. లోపల ఇనుప పట్టీ ఉంటే కొంత తగ్గుతుంది, కానీ పూర్తిగా ఆగదు. ముదురు రంగు, చెక్క రంగు రేకు అంటించిన ఫ్రేములు తెల్లవాటికంటే ఎక్కువ వేడెక్కుతాయి. మే నెల ఎండలో ముట్టుకుంటే చేయి కాలుతుంది.

అందుకని తలుపు వేడిగా ఉన్నప్పుడు సర్దితే చలికాలంలో వదులైపోతుంది. పొద్దున్నే, నీడలో ఉన్నప్పుడు సందు నాలుగు వైపులా సమంగా ఉండేట్టు సర్ది, మధ్యాహ్నం ఒకసారి మూసి చూడండి. అప్పటికీ రాసుకుంటే పైన ఇంకొక్క మిల్లీమీటరు చోటివ్వండి. బయట ఒక వెదురు చాపో పందిరో వేయిస్తే సగం టెన్షన్ పోతుంది.

హ్యాండిల్ వేలాడుతోంది, లేదా ఊరికే తిరుగుతోంది

ముందు బిగింపు చూడండి. కిటికీ హ్యాండిల్ అడుగు మూతను పక్కకు తిప్పితే రెండు స్క్రూలు ఉంటాయి, చాలాసార్లు అవే వదులై ఉంటాయి. బిగించండి గానీ అతిగా వద్దు, హ్యాండిల్ నలిగి తిరగడం కష్టమవుతుంది. తలుపు హ్యాండిల్ తిరిగి యథాస్థానానికి రాకుండా వాలిపోతే దాని స్ప్రింగ్ పోయింది. హ్యాండిల్ మారిస్తే చాలు, తాళం జోలికి వెళ్లక్కర్లేదు.

హ్యాండిల్ తిరుగుతున్నా కొక్కేలు కదలకపోతే లోపలి గేర్‌బాక్స్ పళ్లు పోయినట్టు, లేదా హ్యాండిల్ చదరపు కడ్డీ పొట్టిదై అందనట్టు. హ్యాండిల్ విప్పి కడ్డీ చూడండి. దాని మందం కిటికీలకు సాధారణంగా 7 మిల్లీమీటర్లు, తలుపులకు 8. కొన్నిచోట్ల తలుపు గేర్‌బాక్స్‌లో 7 కడ్డీ పెట్టేసి వెళ్తారు. అది కొన్నాళ్లు ఆడి ఆడి రంధ్రాన్ని గుండ్రం చేసేస్తుంది. చాలా తాళాల్లో గేర్‌బాక్స్ ఒక్కదాన్నే మార్చవచ్చు. తలుపు అంచున కొక్కేలన్నీ ఉన్న పొడుగు పట్టీ మొత్తం మార్చాలని ఎవరైనా అంటే, మధ్యభాగం విడిగా దొరకదా అని అడగండి.

తలుపు మూసి ఉండగానే గేర్‌బాక్స్ పోతే సుత్తితో కొట్టి తెరవొద్దు. హ్యాండిల్ తీసి, చదరపు రంధ్రంలో సరైన కడ్డీ పెట్టి రెంచితో మెల్లగా తిప్పుతూ, ఇంకొకరు బయటినుంచి తలుపును ఫ్రేము రబ్బరు వైపు నొక్కి పట్టుకుంటే ఒత్తిడి తగ్గి కొక్కేలు కొన్నిసార్లు వెనక్కి వస్తాయి. రాకపోతే తెలిసినవాళ్లను పిలవండి. అద్దం పగిలితే అయ్యే ఖర్చు ముందు వాళ్ల కూలి ఎంతో కాదు.

హ్యాండిల్ బాగుంది, తాళంచెవే తిరగదు

ఉప్పుగాలి, దుమ్ము సిలిండర్‌లో చేరి ఉంటాయి. మన ఇళ్లలో వెంటనే కొబ్బరినూనె సీసా తీస్తారు. వద్దు. నూనె దుమ్మును పట్టి జిగురు చేస్తుంది. పైగా కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. కోరాపుట్, జయపురం చలికి తాళంలోనే పేరుకుంటుంది. మెత్తటి పెన్సిల్ ములుకు పొడిని తాళంచెవికి రాసి లోపలికీ బయటికీ ఆడించండి, లేదా పొడి సిలికాన్ స్ప్రే కొట్టండి. కొక్కేలు, రోలర్ల మీద మాత్రం కొంచెం తేలికపాటి మెషిన్ ఆయిల్ వేసి, మిగిలింది తుడిచేయవచ్చు.

సిలిండర్ మార్చడం కష్టమేమీ కాదు. తలుపు అంచున, తాళంచెవి రంధ్రానికి సరిగ్గా ఎదురుగా ఒక పొడుగాటి స్క్రూ ఉంటుంది. దాన్ని తీసి, తాళంచెవిని కొద్దిగా, ఓ 10 డిగ్రీలు తిప్పితే లోపలి నాలుక సిలిండర్ మందంలోకి చేరుతుంది. అప్పుడు లాగితే వచ్చేస్తుంది. స్క్రూ రంధ్రం మధ్యనుంచి రెండు చివరలకూ విడివిడిగా కొలవండి, రెండు కొలతలూ ఒకటే అనుకోవద్దు. కొత్తది బయటివైపు 3 మిల్లీమీటర్లకు మించి పొడుచుకు రాకూడదు. వస్తే దొంగలు పట్టుకుని విరిచేస్తారు.

కిటికీ రెక్క ఒరిగింది, గాలికి నిలవదు

బయటికి తెరుచుకునే కిటికీలకు పైన, కింద లేదా రెండు పక్కలా స్టీల్ పట్టీల హింజ్ ఉంటుంది. సముద్రం దగ్గర మొదట దెబ్బతినేది ఇదే. పట్టీ మీద జారే ముక్కకు ఒక చిన్న స్క్రూ ఉంటుంది, పావు చుట్టు బిగిస్తే రెక్క మళ్లీ గాలికి నిలుస్తుంది. రివెట్లు ఆడుతున్నా, పట్టీ వంగినా, తుప్పు పట్టి బిగుసుకున్నా మార్చాల్సిందే, అదీ జతగానే. పాతదానికి పొడవు, మూసినప్పటి మందం (13 లేదా 17 మిల్లీమీటర్లు ఎక్కువగా కనిపిస్తాయి), పైన వేలాడేదా పక్కకు తెరుచుకునేదా అన్నది చూసుకోండి. గోపాల్‌పూర్, ఛత్రపురం ఇళ్లకు 304 కాకుండా 316 గ్రేడ్ స్టీల్ అడగండి. ఉప్పుకు అదే బాగా తట్టుకుంటుంది. స్క్రూలు కూడా స్టెయిన్‌లెస్‌వే కావాలి. మంచి హింజ్‌కు మామూలు ఇనుప స్క్రూలు వేస్తే ముందు వాటి తలలు ఊడుతాయి.

మేడ మీది రెక్కను మాత్రం ఒంటరిగా విప్పొద్దు. తాడు కట్టి, లోపల ఇద్దరు పట్టుకుని, కింద ఎవరూ నిలబడకుండా చూసుకుని విప్పాలి.

జరిపే కిటికీల సంగతి తేలిక. తాళం అందకపోతే ట్రాక్‌లో ఇసుక తీసి, రెక్క కింది అంచున ఉన్న స్క్రూతో రోలర్ ఎత్తు సర్దండి.

మూసినా గాలి ఈల వేస్తోంది, వాన లోపలికి వస్తోంది

ఇది దసరా లోపు చూసుకోవాల్సిన పని. 2013లో ఫైలిన్ తుపాను అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018లో తిత్లీ తుపాను అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ముంచింది. మూడు చోట్ల పట్టుకోవాల్సిన కిటికీ ఒక్కచోటే పట్టుకుని ఉంటే అలాంటి గాలికి నిలవదు.

కిటికీ అంచున పుట్టగొడుగు ఆకారంలో ఉండే రోలర్లను చూడండి. అవి మధ్యకు కాకుండా పక్కకు అమర్చి ఉంటాయి. అల్లెన్ కీతో తిప్పితే రెక్క రబ్బరుకు దగ్గరగానో దూరంగానో జరుగుతుంది. ఒక కాగితం ముక్క మధ్యలో పెట్టి మూసి లాగండి. తేలిగ్గా వచ్చేసిన చోట రోలర్‌ను కొద్దిగా బిగించాలి. రబ్బరు గట్టిపడి పగిలితే మార్చేయండి. ఫ్రేము అడుగున నీళ్లు పోయే చిన్న గాడులుంటాయి, చీమల మట్టీ పెయింటూ చేరి మూసుకుపోతాయి. అగ్గిపుల్లతో తీసి, చెంబుడు నీళ్లు పోసి బయటికి పోతున్నాయో లేదో చూడండి.

రెండు అద్దాల మధ్య ఆవిరి పడితే మాత్రం ఇవేవీ పనికిరావు. అద్దాల అంచు సీలు పోయింది. ఫ్రేము, తాళం అలాగే ఉంచి అద్దాల జత ఒక్కటే కొత్తది వేయించాలి.

విడిభాగాలు తెప్పించుకునేటప్పుడు

మన ఊళ్ల హార్డ్‌వేర్ షాపుల్లో ఇవి అన్నీ దొరకవు. విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో రావాలి, తప్పుది వస్తే మళ్లీ పంపడం పెద్ద తలనొప్పి. తలుపు తాళానికైతే హ్యాండిల్ కడ్డీ మధ్యనుంచి తాళంచెవి రంధ్రం మధ్యకు ఎంతో (85, 92 మిల్లీమీటర్లు ఎక్కువగా ఉంటాయి), అంచు పట్టీ నుంచి కడ్డీ మధ్యకు ఎంతో, పట్టీ వెడల్పు ఎంతో కొలవండి. పట్టీ మీద చెక్కిన కంపెనీ గుర్తు, నంబరు తుడిచి ఫొటో తీయండి. కొలిచేటప్పుడు స్కేలు పక్కనే పెట్టి ఇంకో ఫొటో తీసి షాపువాళ్లకు పంపండి. కొత్తది బిగించి, తెరిచి కొన్నిసార్లు, మూసి కొన్నిసార్లు తిప్పి చూసేదాకా పాతదాన్ని పారేయకండి.