120 కెమెరా కూర్చుకుందాం – 4వ పాఠం: విడిభాగాలు వచ్చాయి, క్లిక్ రావడం లేదు

ఈ పాఠంలో లెన్సుల గురించి చెప్పుకోవాల్సింది. అది వచ్చే పాఠానికి జరుపుతున్నాను. 120 ఫిల్మ్ రోల్ వేసే మామియా ఆర్‌బీ67 కెమెరా బాడీ ఒకచోట, లెన్స్ ఒకచోట, బ్యాక్ (ఫిల్మ్ ఉండే వెనక పెట్టె) ఇంకోచోట కొంటే చవక అని పోయిన పాఠంలో చెప్పి, వాటిని కలిపే వరస చెప్పకుండా ఆపడం నా పొరపాటు. నెల్లూరు నుంచి మార్కాపురం దాకా వచ్చిన ప్రశ్నలన్నీ చివరికి మూడే: లెన్స్ ఎక్కడం లేదు, బటన్ నొక్కితే క్లిక్ లేదు, రోలంతా ఖాళీగా వచ్చింది.

ముందు లెన్స్ సంగతి. ఆర్‌బీ67లో షట్టర్ బాడీలో ఉండదు, లెన్స్‌లో ఉంటుంది. అద్దం బాడీలో ఉంటుంది. అంటే స్ప్రింగులు రెండు చోట్ల ఉన్నాయి. బాడీ పక్కనున్న పెద్ద లివర్‌ను కిందికి నొక్కితే రెండూ ఒకేసారి బిగుసుకుంటాయి. కానీ విడివిడిగా వచ్చిన పెట్టెల్లో బాడీ ఒక స్థితిలో, లెన్స్ ఇంకో స్థితిలో ఉండొచ్చు. రెండూ బిగిసి ఉంటేనే జత కుదురుతుంది.

బాడీ బిగిసిందో లేదో తెలుసుకోవడం తేలిక. ఈ కెమెరాలో ఫోటో తీశాక అద్దం పైనే ఉండిపోతుంది. లెన్స్ రంధ్రంలోంచి చూస్తే అద్దం లేచి ఉందంటే బిగించలేదని అర్థం. లివర్ నొక్కండి, అద్దం దిగుతుంది. లెన్స్ వెనకవైపు తిప్పితే రెండు చిన్న పిన్నులు కనిపిస్తాయి. రెండు వేళ్లతో వాటిని సవ్యదిశలో, టక్కుమని ఆగేదాకా తిప్పండి. స్ప్రింగు గట్టిగానే ఉంటుంది, భయపడక్కర్లేదు. తర్వాత గుర్తుకు గుర్తు కలిపి లెన్స్ కూర్చోబెట్టి, రింగును పూర్తిగా బిగించండి. ఎక్కకపోతే బలం పెట్టొద్దు. దించి, పిన్నులు మళ్లీ చూడండి. లెన్స్ తీసేటప్పుడూ ఇదే నియమం: ముందు లివర్ నొక్కాలి, ఆ తర్వాతే రింగు వదులు చేయాలి.

ఇక క్లిక్ రాకపోవడం. దీని మీద కాస్త ఎక్కువే చెబుతాను. మంచి లెన్సులను పాడైనవనుకుని అమ్మినవాళ్లకు తిరిగి పంపేస్తున్నారు, కారణం ఒక చిన్న మీట. లెన్స్ పక్కన ఎన్, ఎమ్ అనే రెండు అక్షరాల మధ్య తిరిగే మీట ఉంటుంది. ఎన్ అంటే మామూలు పద్ధతి: బటన్ నొక్కితే అద్దం లేస్తుంది, షట్టర్ పడుతుంది. ఎమ్ అంటే అద్దం ముందే లేపి ఉంచే పద్ధతి: బాడీ మీది బటన్ అద్దాన్ని మాత్రమే లేపుతుంది. షట్టర్ పడాలంటే లెన్స్‌కున్న రంధ్రంలో కేబుల్ రిలీజ్ (షట్టర్‌ను నొక్కే తీగ) బిగించి నొక్కాలి. ఎమ్ మీద పెట్టి బటన్ నొక్కితే అద్దం ధడేలుమని లేస్తుంది, ఫైండర్ చీకటవుతుంది. ఫోటో పడిందనుకుంటారు. పడలేదు. ఫిల్మ్ తిప్పి మళ్లీ నొక్కుతారు. ఇలా పది ఫ్రేములూ పోతాయి. "రోలంతా ఖాళీ" అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. లెన్స్ చేతికి రాగానే ముందు ఈ మీట చూడండి, ప్రతి రోల్ మొదట్లోనూ చూడండి. నా మటుకు ఆ మీట ఎన్ మీద ఉండగా పక్కన తెల్ల పెయింటు చుక్క పెట్టుకోవడమే మేలనిపిస్తుంది.

మీట ఎన్ మీదే ఉన్నా బటన్ దిగకపోతే ఈ వరసలో చూడండి: డార్క్ స్లైడ్ (ఫిల్మ్‌కు వెలుతురు తగలకుండా బ్యాక్‌లో అడ్డుండే రేకు) బయటికి లాగారా? బటన్ చుట్టూ ఉన్న రింగు తాళంలో ఉందా? బ్యాక్ మీద ఫిల్మ్ లివర్ తిప్పారా? ఆర్‌బీలో ఫిల్మ్ తిప్పే లివర్ వేరు, షట్టర్ బిగించే లివర్ వేరు. తర్వాతి మోడలైన ప్రో-ఎస్ బ్యాక్‌లో ఫిల్మ్ తిప్పకపోతే బటన్ పనిచేయదు. 1970 నాటి మొదటి ప్రో బ్యాక్‌లో ఆ అడ్డు లేదు, ఒకే ఫ్రేము మీద రెండు బొమ్మలు పడతాయి. ఖర్చు కాస్త ఎక్కువైనా ప్రో-ఎస్ బ్యాకే కొనమంటాను. ఫిల్మ్ లేకుండా సాధన చేయాలంటే బ్యాక్ మీది మల్టిపుల్ ఎక్స్‌పోజర్ మీట వాడండి, రోల్ వేసే ముందు దాన్ని వెనక్కి పెట్టడం మరవొద్దు.

రోల్ ఖాళీగా రావడానికి రెండో కారణం తిరగేసి ఎక్కించడం. ఈ బ్యాక్‌లో రోల్ సహజంగా చుట్టుకున్న వంపుకు ఎదురుగా వంగి వెళుతుంది. కాగితం నల్లటి వైపు బయటికి, మీ కంటికి కనపడాలి. అక్షరాలు అచ్చైన వైపు బయట కనపడితే లెన్స్ ఎదుట కాగితమే ఉన్నట్టు. వాడేసిన రోల్ కాగితం ఒకటి సంపాదించి, దానితో నేర్చుకోండి.

వెలుతురు కారడం గురించి క్లుప్తంగా. బ్యాక్ అంచుల్లో, దాన్ని అడ్డానికీ నిలువుకీ తిప్పే రివాల్వింగ్ అడాప్టర్ అంచుల్లో ఉండే నల్ల స్పాంజి మన ఎండలకు తారులా కరిగి అంటుకుంటుంది. చీపురు పుల్లతో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడిచి, అదే మందం స్పాంజి అతికించండి. మందం ఎక్కువైతే బ్యాక్ తాళాలు జరగవు. ఆల్కహాల్ లెన్స్‌కు, అద్దానికి తగలనివ్వొద్దు. బెలోస్‌ను, అదే కొలిమితిత్తిలా సాగే నల్ల మడతలను, పూర్తిగా సాగదీసి చీకటి గదిలో లోపలి నుంచి టార్చి వేసి చూడండి. మూలల దగ్గరే చిల్లులు పడతాయి.

కెమెరాను బియ్యం డబ్బాలో పెట్టొచ్చా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. మొలగొలుకులైనా సరే, వద్దు. బియ్యం తేమను పెద్దగా లాగదు, తవుడు పొడి మాత్రం షట్టర్ రేకుల్లోకి దూరుతుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో బూజు భయం ఎక్కువ. రబ్బరు అంచు మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ గుళికలు వేసి పెట్టండి. రంగు మారగానే వేడి చేసి ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. తోలు సంచిలో మూసి పెడితే బూజుకు ఇల్లు కట్టిచ్చినట్టే. స్ప్రింగులు బిగించి నెలల తరబడి ఉంచడం కూడా నాకు నచ్చదు. వాడిన రోజు వదిలేసి, దాచిన తర్వాత మళ్లీ తీసినప్పుడు బిగించండి.

సాధన. ముందు ఫిల్మ్ లేకుండా లెన్స్ ఎక్కించి దించడం 30 సార్లు. తర్వాత 1 సెకను స్పీడ్ పెట్టి, ఫోన్‌లో శబ్దం రికార్డు చేసి, తెరుచుకున్న టక్కుకూ మూసుకున్న టక్కుకూ మధ్య కాలం కొలవండి. ఏడాదుల తరబడి వాడని లెన్స్‌లో నూనె గట్టిపడి ఒకటిన్నర సెకను పట్టొచ్చు. 20 సార్లు కొడితే కొంత తేరుకుంటుంది. తేరుకోకపోతే సర్వీసు తప్పదు.

ఆపైన 100 ఐఎస్ఓ నలుపు తెలుపు రోల్ ఒకటి పూర్తిగా పరీక్షకే. కెమెరా స్టాండు మీద ఉండాలి. ఆరుబయట, ఆకాశం కనిపించే నీడలో ఉన్న సున్నం గోడను 1, 2, 3, 4 ఫ్రేముల్లో 1/125 ఎఫ్5.6, 1/60 ఎఫ్8, 1/30 ఎఫ్11, 1/15 ఎఫ్16 పెట్టి తీయండి (మొదటి అంకె షట్టర్ స్పీడ్, ఎఫ్ అంకె లెన్స్ ఎంత తెరుచుకుందో చెబుతుంది). నెగెటివ్ మీద నాలుగూ ఒకే నలుపులో రావాలి. ఏది తేడాగా వస్తే ఆ స్పీడ్ తప్పు. 5వ ఫ్రేము వెలుతురు కారుతోందేమో చూడటానికి: డార్క్ స్లైడ్ లాగి, లెన్స్ మూత పెట్టి, కెమెరాకు తగిలించి ఉన్న బ్యాక్‌ను మిట్టమధ్యాహ్నపు ఎండలో ఐదు నిమిషాలు ఉంచి, మూత తీసి నొక్కండి. 6వది అదే పని, అడాప్టర్‌ను నిలువుకు తిప్పి. 7వది ఏటవాలుగా పెట్టిన దినపత్రిక, లెన్స్ పూర్తిగా తెరిచి, మధ్య వరసకు ఫోకస్ పెట్టి. 8వది నెల్లూరు వాళ్లకు పెన్నా అవతలి ఒడ్డు నుంచి రంగనాథస్వామి గుడి గోపురం, ఒంగోలు వైపు వాళ్లకు దూరంగా ఉన్న ఏ కొండైనా, అనంతం మీద ఫోకస్. 9వది ఎమ్ పద్ధతిలో కేబుల్ రిలీజ్‌తో. 10వ దానికి ముందు డార్క్ స్లైడ్ వేసి, బ్యాక్ తీసి, మళ్లీ తగిలించి తీయండి.

ఏ ఫ్రేము ఎలా తీశారో కాగితం మీద రాసుకోండి. ల్యాబ్‌కు ఇచ్చేటప్పుడు నెగెటివ్‌ను ముక్కలు కోయొద్దని చెప్పండి. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య ఖాళీ ఎంతుందో కొలవాలి, ముక్కలైతే కొలవలేం.