ఫీడర్ దగ్గర హమ్మింగ్‌బర్డ్‌ల కొట్లాట: ఎలా చూడాలి, ఎలా సర్దాలి?

హమ్మింగ్‌బర్డ్‌లు ఉత్తర, దక్షిణ అమెరికాల్లో తప్ప ఎక్కడా లేవు. మన ఊళ్లలో మందారాల చుట్టూ తిరిగే తేనెపిట్టలు వేరే కుటుంబం. కాబట్టి ఇది హ్యూస్టన్‌లోనో, న్యూజెర్సీలోనో, బే ఏరియాలోనో పెరడున్న వాళ్ల కోసం. తూర్పు వైపు వచ్చేది రూబీ-థ్రోటెడ్ అనే రకం. కాలిఫోర్నియా తీరంలో ఏడాది పొడవునా ఉండేది అన్నాస్ అనే రకం.

1. ఫీడర్ అంటే పిట్టల కోసం తీపి నీళ్లు పోసి వేలాడదీసే పాత్ర. అందులోకి ఒక కప్పు తెల్ల పంచదారకు నాలుగు కప్పుల నీళ్లు. వేడి నీళ్లలో కరిగించి, పూర్తిగా చల్లారాక పోయాలి. తేనె వేస్తే త్వరగా పులిసి బూజు పడుతుంది. బెల్లం, బ్రౌన్ షుగర్ కూడా వద్దు, వాటిలోని ఇనుము పిట్టకు చేటు. ఎర్ర రంగు కలపడం దండగ, ఫీడర్ మీదున్న ఎరుపు చాలు.

2. సీసా బోర్లించినట్టుండే ఫీడర్ ఎండకు కారుతుంది: లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి నీళ్లను బయటికి తోస్తుంది. కారితే చీమలు, కందిరీగలు. పళ్లెం ఆకారంలో ఉన్నది కొనండి. కొక్కెం దగ్గర నీళ్లు నింపిన చిన్న గిన్నె ఉంటే చీమలు దాటలేవు. తీగకు నూనె రాయకండి, ఈకలకు అంటుకుంటుంది. మండుటెండల్లో రెండు రోజులకోసారి, చల్లగా ఉంటే నాలుగైదు రోజులకోసారి కడిగి, కొత్తవి పోయాలి. నీళ్లు మబ్బుగా మారితే ఆగకుండా వెంటనే పారబోయండి. కిటికీ దగ్గర కడితే అద్దానికి మూడడుగుల లోపే కట్టండి. అంత దగ్గర నుంచి ఎగిరితే గుద్దుకున్నా దెబ్బ తగిలేంత వేగం ఉండదు.

3. ఇక చూడటం. ముందు ఫీడర్‌ని కాదు, దాన్ని తనదిగా కాపలా కాసే పిట్ట కూర్చునే కొమ్మను వెతకండి. ఫీడర్ కనిపించేలా ఉన్న ఎండు పుల్ల మీదికే వాడు మళ్లీ మళ్లీ వస్తాడు. సూర్యుడు మీ వీపు వైపు ఉండాలి. గొంతు మీది మెరుపు రంగు వెలుగు పడే కోణాన్ని బట్టే కనిపిస్తుంది, లేకపోతే నల్లగా ఉంటుంది. మరో పిట్ట రాగానే మొదట చిప్ చిప్ అని హెచ్చరిక, తర్వాత తోక విప్పడం, అప్పటికీ కదలకపోతే తరమడం. అన్నాస్ మగది బాగా పైకెగిరి నిట్టనిలువునా దూకుతుంది. ఆఖరున వినిపించే చురుకైన కూత గొంతుది కాదు, తోక ఈకలది. ఆడవి కూడా కాపలా కాస్తాయి, ఊరికే మగవాటిని ఆడిపోసుకోకండి.

పూలల్లో మకరందం కొంచెమే ఉంటుంది, కాపాడుకున్నవాడికే దక్కుతుంది. ఫీడర్ ఎప్పటికీ ఖాళీ కాదన్న సంగతి ఆ పిట్టకు తెలియదు.

4. ఒక్కడే అందరినీ తరిమేస్తుంటే? రెండో ఫీడర్‌ని ఇంటి మూల తిరిగాక, ఆ కొమ్మ మీంచి కనపడని చోట కట్టండి. లేదా నాలుగైదు ఒకే చోట గుంపుగా పెట్టండి, పిట్టలు ఎక్కువైతే కాపలా వీగిపోతుంది. రెండూ వాడి కంట పడేలా పదడుగుల దూరంలో కడితే మాత్రం రెండింటినీ కాస్తాడు. చాలామంది చేసేది ఇదే.

రద్దీ చూడాలంటే ఆగస్టు చివర, సెప్టెంబరు. దక్షిణానికి వెళ్లేవి అప్పుడే దిగుతాయి, టెక్సస్ తీరంలో రాక్‌పోర్ట్ అందుకే పేరుబడింది. ఫీడర్ ఉంచితే వలస ఆగిపోతుందన్న భయం అక్కర్లేదు. పగటి వేళ తగ్గడమే వాటిని కదిలిస్తుంది. చివరి పిట్ట కనిపించాక కూడా రెండు వారాలు అలాగే వేలాడనివ్వండి, వెనకబడినవి ఉంటాయి.