బల్లార్షా ఎండలో ఓవర్‌క్లాక్ ప్రాసెసర్: కొనే ముందు అడగవలసినవి

ప్రాసెసర్‌ను తయారీదారు నిర్ణయించిన వేగాన్ని మించి నడపడమే ఓవర్‌క్లాక్. ఒకే పేరుతో కర్మాగారం నుంచి వెలువడిన రెండు ప్రాసెసర్లు అచ్చంగా ఒకేలా ఉండవు. సిలికాన్‌లోని సూక్ష్మమైన తేడాల వల్ల ఒకటి తక్కువ వోల్టేజీతోనే 5 గిగాహెర్ట్జ్ అందుకుంటే, దాని తోబుట్టువు అదే వేగానికి మరింత వోల్టేజీ కోరి మరింత వేడెక్కుతుంది. ఇలాంటి వాటిని పరీక్షించి, మేలైనవి ఏరి, ఎక్కువ ధరకు అమ్మిన అమెరికా సంస్థ సిలికాన్ లాటరీ 2021లో మూతపడింది. కొత్త ప్రాసెసర్లను తయారీదారులే దాదాపు చివరి హద్దు వరకు నడిపిస్తున్నందున, ఏరినదానికి అదనంగా చెల్లించే సొమ్ము పాత తరాల్లో గిట్టినంతగా ఇప్పుడు గిట్టదని నా అభిప్రాయం.

అయినా కొనదలిస్తే, ‘పరీక్షించినది’ అన్న ఒక్క మాటతో తృప్తి పడకూడదు. ఆ వేగం ప్రాసెసర్‌లోని అన్ని కోర్లకా (లెక్కలు చేసే భాగాలకా), ఒక్కదానికా. కోర్ వోల్టేజీ ఎంత. ఏ మదర్‌బోర్డ్, ప్రాసెసర్‌ను చల్లబరిచే ఏ కూలర్. ఏ పరీక్షను ఎంతసేపు నడిపారు. అందులో ఏవీఎక్స్ (ప్రాసెసర్‌ను బాగా వేడెక్కించే భారీ లెక్కల ఆదేశాలు) ఉన్నాయా అని రాతపూర్వకంగా అడగాలి. వేగాన్ని కొలిచే సినీబెంచ్ ఒకసారి పూర్తయినంత మాత్రాన అది నిలకడకు రుజువు కాదు. ప్రాసెసర్‌పై పూర్తి భారం మోపే ప్రైమ్95 వంటి పరీక్ష గంటల తరబడి తప్పు లేకుండా నడవాలి.

వీటన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్నను చాలామంది అడగరు: పరీక్ష జరిగిన గదిలో ఉష్ణోగ్రత ఎంత? వేసవిలో బల్లార్షా ఉన్న చంద్రపూర్ జిల్లాలో ఎండ 45 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. ఏసీ గదిలో 22 డిగ్రీల వద్ద 85 డిగ్రీలు చూపిన ప్రాసెసర్, అదే కూలర్‌తో, అదే వోల్టేజీతో 40 డిగ్రీల గదిలో సుమారు 103 దగ్గరికి చేరాలి. చాలా ఇంటెల్ ప్రాసెసర్లు 100 డిగ్రీల వద్దే తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. నేను సంక్రాంతి చలిలో కొన్న ప్రాసెసర్ రోహిణీ కార్తె వచ్చేసరికి రోజుకు రెండుసార్లు ఆగిపోయేది. అమ్మినవారు అబద్ధం చెప్పలేదు, వారి గదిలో అది నిజమే. చివరికి వేగమూ వోల్టేజీ తగ్గించుకుని, నేను డబ్బు పెట్టి కొన్న ఆధిక్యాన్ని నేనే వదులుకున్నాను. గదిని చల్లబరిచే నీళ్ల కూలర్ గాలిని నేరుగా కంప్యూటర్ కేబినెట్‌లోకి పంపడం దీనికి మందు కాదు, ఆ తడి గాలి బోర్డుకు చేటు.

ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అధిక వోల్టేజీ వల్ల వాటిలో కొన్ని అస్థిరమవుతున్నాయని 2024లో తేలింది. బయోస్ (మదర్‌బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) నవీకరణ ముందుముందు నష్టం జరగకుండా ఆపగలదు గాని, అప్పటికే జరిగిన నష్టాన్ని పూడ్చలేదు. కాబట్టి ఓవర్‌క్లాక్‌లో నడిచిన పాత ప్రాసెసర్ ఎంత చవకైనా నేను కొనను. ప్రాసెసర్ పైనున్న లోహపు మూత తీసి, లోపల వేడిని మూతకు చేరవేసే థర్మల్ పేస్ట్ మార్చినదానికి తయారీదారు వారంటీ ఉండదని కూడా గుర్తుంచుకోవాలి.

మీ బోర్డును కూడా ముందే చూసుకోవాలి: ఇంటెల్‌లో మల్టిప్లయర్ (వేగాన్ని నిర్ణయించే గుణకం) పెంచాలంటే సాధారణంగా పేరు చివర ‘కె’ ఉన్న ప్రాసెసర్, ‘జెడ్’ శ్రేణి చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డ్ రెండూ కావాలి. సిరొంచ వంటి మారుమూల చోట్ల ఉన్నవారు తమ పిన్‌కోడ్‌కు రిటర్న్ పికప్ ఉందో లేదో డబ్బు చెల్లించక మునుపే తెలుసుకోవాలి.

పార్సెల్ విప్పేటప్పుడు ఆపకుండా వీడియో తీసి, మూతపై ఉన్న బ్యాచ్ సంఖ్యను అమ్మకందారు పంపిన ఫోటోతో సరిపోల్చాలి. ఏఎండీ సంస్థ ఏఎం4 సాకెట్ ప్రాసెసర్ అయితే పిన్నులు వంగాయేమో వెలుతురులో చూడాలి. మొదట మామూలు సెట్టింగులతో నడిపి, ఆ తర్వాతే అమ్మకందారు చెప్పిన వోల్టేజీ, వేగం పెట్టాలి. ఆ పరీక్షను తెల్లవారుజామున కాక మధ్యాహ్నం రెండు గంటలకు, కేబినెట్ మూసి, రిటర్న్ గడువు ముగియక ముందే పూర్తి చేయాలి.